పెదవి దాటిన మాట

(తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనాలయములలో చేసిన ప్రసంగపాఠము)



ఈ మూడు పట్టణముల పఠనాలయములును మమ్ము వరుసగా పిలిచి ఒకే విషయమును గూర్చి మాటలాడుమని కోరినవి. ఒకే ప్రసంగమును మూడుచోట్ల చేసినచో శ్రమ తగ్గునని మేము తలంచితిమి. ఆ తలంపు తెనాలి దాటిన పిదప నిలువలేదు. తెనాలిలో మేము, ‘ఈ వారము సెల్‌ఫోనులలో క్రొత్తమాటలు ఉప్పెనవలె వచ్చిపడినవి’ అని ప్రారంభించితిమి. సభ్యులు నవ్విరి. బాపట్లలో అదే వాక్యమునకు నవ్వు సగమైనది. రేపల్లెలో నవ్వే లేదు. సభ ముగిసిన పిమ్మట వెనుకబల్లపై కూర్చున్న వృద్ధుడొకరు మెల్లగా మా కడకు వచ్చి, ‘అయ్యా, తమరు ఉప్పెన అన్నారు. మేము ఉప్పెనను చూసినవాళ్లం. అది ఫోనులో రాదండి, గడప దాటి ఇంట్లోకి వస్తుంది. ఆ మాట అట్లా వాడకండి’ అని చెప్పి వెడలిపోయిరి.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను, దాని కీవలనున్న గుంటూరు తీరమును సముద్రము ముంచి వేలకొలది ప్రాణములను హరించిన సంగతి మాకు తెలియనిది కాదు. తెలిసియు ఆ మాటను అలంకారముగ వాడితిమి. ‘జనపు టుప్పెన’, ‘ఓట్ల ఉప్పెన’ అని పత్రికలలో చదివి చదివి మా చెవి మొద్దువారినది. 2021లో అదే పేరుతో నొక ప్రేమకథాచిత్రము వచ్చుటచే యువకులకా మాట ప్రణయమును స్మరణకు దెచ్చుచున్నది. మాట యొక్కటే. పట్టణవాసికది అలంకారము, యువకునకు చలనచిత్రము, తీరవాసికి మృత్యువు. మేము చెప్పదలచిన విషయమంతయు ఆ వృద్ధుడు నాలుగు వాక్యములలో చెప్పివేసిరి. ఇక మేము చేయగలది దానికి వ్యాఖ్య మాత్రమే.

పెదవి దాటితే పృథివి దాటునని మన పెద్దల సామెత. పూర్వమది హెచ్చరికయే గాని లెక్క కాదు. మాట పృథివి దాటుటకు కాలము పట్టెడిది. ఒక మాట బెజవాడనుండి రేపల్లె చేరవలెనన్న పడవవాడో, బండివాడో, హరికథకుడో, పత్రికయో మోసికొని రావలసియుండెను. మోసికొని వచ్చినవానిని, ‘ఈ మాట ఎవరన్నారు, ఏ సందర్భమున అన్నారు?’ అని అడుగుట సాధ్యమయ్యెడిది. 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణము గారు కాలువలమీద పడవలో గ్రంథములను పంపి గ్రామగ్రామమునకు చదువు నందించిరి. ఆ పడవలో పుస్తకములే గాక పుస్తకముల నిచ్చి పుచ్చుకొను మనుష్యుడును ఉండెను. చదువరికి సందేహము కలిగినచో అడుగుటకు ఒక ముఖముండెను. నేటి ఫోను పడవ వంటిదే గాని అందు సరంగు లేడు.

ఈ కాలువల దేశమున పుట్టినవారికి మరియొక పోలిక చెప్పుట సులభము. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట ముగిసినది మొదలు ఈ డెల్టాకు నీరు ఒక్కచోటనుండియే వచ్చుచున్నది. దుగ్గిరాల లాకులు దాటి, తెనాలి నడుమ మూడుపాయలుగ సాగి, చిట్టచివర శివారు భూములకు చేరునప్పటికి ఆ నీటిలో ఎన్ని పొలముల మురుగు, ఎన్ని ఊళ్ల మలినము కలియునో రేపల్లె రైతు నడిగినచో చెప్పును. తలకడ త్రాగినవాడు ‘నీరు బాగున్నది’ అనును. శివారువాడు ‘ఇవి నీళ్లా?’ అనును. ఇరువురును అబద్ధమాడుట లేదు. మాటయు నట్టిదే.

ఇట్లు మాట క్షణములో లక్షలమందికి ప్రాకుటను నేడు ‘వైరల్’ అగుట యని యందురు. వ్యాధిబీజముపేరు వాక్కునకు పెట్టిన కాలమిది. పేరు నిందకొరకు చెప్పుట లేదు, లక్షణము తెలియుటకే చెప్పుచున్నాము. వ్యాధిబీజము దేహమునుండి దేహమునకు పోవునప్పుడు రూపు మార్చుకొనునట్లు ఈ మాటయు నోటనుండి నోటికి పోవునప్పుడు అర్థము మార్చుకొనుచున్నది. ఎట్లు మార్చుకొనుచున్నదో విచారింతము.

మన ఆలంకారికు లీ సంగతిని తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే విచారించిరి. కాశ్మీర పండితుడైన మమ్మటుడు కావ్యప్రకాశమునందు ‘ప్రొద్దు గ్రుంకినది’ అను అర్థమునిచ్చు చిన్నవాక్యమును ఉదాహరణముగ గైకొని, దానినుండి ఎన్ని భావములు పుట్టునో చూపెను. పసులకాపరికి ‘ఆవులను ఇంటికి తోలుము’ అనియు, అంగడివానికి ‘సరకులు సర్దుము’ అనియు, అనుష్ఠానపరునకు ‘సంధ్యకు వేళయైనది’ అనియు, ప్రణయినికి ‘ప్రియుడు వచ్చువేళ’ అనియు తోచును. వాక్యము మారలేదు. మారినది వినువాడు. ఐనను అర్థము గాలికి పోవలేదు. వక్త యెవరు, శ్రోత యెవరు, కంఠస్వరమెట్టిది, ప్రస్తావమేమి, దేశమెయ్యది, కాలమెయ్యది అను సంగతులను బట్టి ఒక్కొక్కచోట ఒక్కొక్క అర్థము స్థిరపడునని శాస్త్రము. ఈ ఆరును మాటకు కట్టిన పలుపుత్రాళ్లు. పలుపు త్రెంచిన పశువువలె ఈ త్రాళ్లు లేని మాట ఎవరి చేనిలోనైనను మేయును.

సెల్‌ఫోను చేయుపని సరిగా ఇదియే. మాటను దాని వక్తనుండి, శ్రోతనుండి, స్వరమునుండి, ప్రస్తావమునుండి, దేశకాలములనుండి కత్తిరించి పదిక్షణముల తునకగ మన చేతిలో పెట్టుచున్నది. వాట్సాపులో ‘చాలసార్లు పంపబడినది’ అను గుర్తు వచ్చుట మీరెరుగుదురు. ఆ గుర్తు ఎన్నో చేతులు మారినదని చెప్పునే గాని మొదటినోరు ఎవరిదో చెప్పదు. త్రాళ్లు త్రెంపబడిన మాటకు ఎవరికి వారు తమ త్రాడు కట్టుకొనుచున్నారు. అనేకార్థములు పుట్టుటకు మూలమిచ్చట నున్నది.

ఉదాహరణమునకు ‘తగ్గేదే లే’ అను మాటను తీసికొందము. 2021 డిసెంబరు 17న విడుదలయైన సుకుమార్ గారి ‘పుష్ప’ చిత్రమునందు, ఎర్రచందనపు దొంగరవాణాలో కూలివాడుగ జీవితమారంభించిన నాయకుడు గడ్డము క్రింద చేయి రాచుచు చిత్తూరు యాసలో పలికిన మాట యిది. ఆ కథలో దానికొక అర్థమున్నది. తండ్రి పేరు చెప్పుకొన నీయని లోకమున, అవమానముల నడుమ పెరిగినవాని పంతమది. వాని పంతము చట్టమునకు విరుద్ధమైన పనిలోనిదన్న సంగతియు ఆ కథలో భాగమే.

పెదవి దాటిన పిదప నేమైనది? 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సమాచార ప్రసార శాఖవారు ఆ నాయకుని బొమ్మకు ముసుగు తొడిగి, మహమ్మారి ఏ రూపున వచ్చినను మాస్కు తీయనని వానిచే పలికించిరి. చట్టమును ధిక్కరించు పాత్ర నోటిమాట చట్టమును పాటింపుమను బోధయైనది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో శ్రీలంకతో జరిగిన క్రికెట్టు పందెమున రవీంద్ర జడేజా వికెట్టు తీసి గడ్డము రాచినప్పుడు ఆ సైగకు మాటతోడి పనియే లేకపోయినది. హిందీకి పోవునప్పటికి ఆ మాటలోని క్రియయే మారినది. అక్కడ ‘తగ్గుట’ పోయి ‘వంగుట’ వచ్చి, ‘నేను తలవంచను’ అను భావము స్థిరపడినది. తెలుగున తగ్గుట వేరు, వంగుట వేరు. జ్వరము తగ్గును, ధర తగ్గును, వరద తగ్గును, కోపము తగ్గును. ఇవన్నియు మనము కోరుకొను తగ్గుదలలే. క్రైస్తవ సోదరుల వేదములో తన్ను తాను తగ్గించుకొనుట హెచ్చుటకు మార్గమని యున్నది. పెద్దలయెదుట తగ్గి మాటలాడుట మన యిండ్లలో మర్యాద. ఇంత మంచి క్రియ ఒక చిత్రముతో పిరికితనమునకు పేరైపోవుట చిత్రము కాదా?

2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజికడ 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైనప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంకవాసులు కట్టమీద కూర్చుండి ఎదురుచూచినది నీరు తగ్గుటకే. నాడు వారియెదుట నెవడైనను ‘తగ్గేదే లే’ యని యుండినచో ఆ మాట వీరవాక్యము కాదు, శాపమే.

ఆ మాట ఇన్ని పాత్రలలో నొదుగుటకు వ్యాకరణములోనే కారణమున్నది. అందు కర్త లేడు. ఎవరు తగ్గరు? దేనికి తగ్గరు? ఎవరియెదుట తగ్గరు? మూడును ఖాళీ. ఖాళీచెంబు ఏ కాలువలో ముంచినను నిండును. ఏ మాట పొట్టిదై, కర్తృకర్మలు లేనిదై, పలుకుటకు ఊపుగా నుండునో ఆ మాటయే వేగముగ ప్రాకుటయు, బహ్వర్థములు తాల్చుటయు గమనింపుడు.

ఈ వ్యాపారము ఫోనుతో పుట్టలేదు. తెనాలివారు గర్వించు చక్రపాణిగారును, నాగిరెడ్డిగారును కలిసి 1957లో నిర్మించిన ‘మాయాబజార్’ చిత్రము మీలో చూడనివారుండరు. అందు పింగళి నాగేంద్రరావుగారు రాక్షసశిష్యులచే ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అని పలికించిరి. ‘అస్మదీయ’ యనగా ‘మాకు సంబంధించిన’ అని సంస్కృతము. రెండవమాట ఏ నిఘంటువులోను లేదు. అది నోరుతిరుగని శిష్యుల సృష్టి. గురువు తప్పుపట్టగా ఘటోత్కచుడు మాటలను పుట్టించినందుకు వారిని మెచ్చుకొనును. నాడది శుద్ధహాస్యము. నేడు పత్రికలలో ‘అస్మదీయులకే పదవులు’, ‘అస్మదీయులకే గుత్తలు’ అను శీర్షికలు చూచుచున్నాము. పసివారి నవ్వులలో పుట్టిన మాట పెద్దల పక్షపాతమును పట్టియిచ్చు నేరారోపణమైనది. ‘వీరతాడు’ సైతము అట్లే బిరుదునుండి వెక్కిరింతకు దిగినది. ఇట్టి మార్పును మేము నిందింపము. ఈ మాట తన అర్థమును తాకట్టు పెట్టక పెంచుకొన్నది. దానికి అరువదియేండ్లు పట్టినది. ఆ కాలములో చెప్పువాడును, వినువాడును ఒక యొడంబడికకు వచ్చిరి.

మరికొన్ని మాటలు పుట్టినయూరినే మరచి దేశమేలుచున్నవి. అంగడిలో ‘బి.పి.టి. బియ్యము’ అడుగువారిలో ఆ మూడక్షరములు బాపట్ల అని ఎందరెరుగుదురు? బాపట్ల వ్యవసాయ పరిశోధనక్షేత్రమున పుట్టిన సాంబ మసూరికి 5204 అను సంఖ్యతో నిచ్చిన గుర్తది. తెనాలికి ‘ఆంధ్రా పారిస్’ అను పేరున్నది. నాటకములును కాలువలును తలచుకొన్ననాడది గర్వము, మురుగుకాలువ వీథిలోనికి పొంగిననాడు అదే ఎత్తిపొడుపు. రేపల్లె యనగా మన కవులకు కృష్ణుడు వెన్న దొంగిలిన వ్రేపల్లె, రైలు ప్రయాణికునకు చివరి స్టేషను. ఇక ‘ఆంధ్ర’ అను మాట? 1913 మే నెలలో ఈ బాపట్లలోనే బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగినప్పుడు ఆ మాటలో తెలుగువారందరును ఉండిరి. 1953లో అది ఒక రాష్ట్రమునకు పేరు. 1956లో మరింత పెద్ద రాష్ట్రము పేరులో సగము. 2014 జూన్ 2 తరువాత కొందరి చెవికి అది పొరుగువాని పేరు. మాట బాపట్లలో నిలిచియుండగనే దాని యెల్లలు మూడుమారులు కదలినవి.

రాజకీయ నినాదముల గతి ఇంతకంటె విచిత్రము. 2014లో ఒక పక్షమువారు ‘జాబు రావాలంటే బాబు రావాలి’ అనిరి. గెలిచిరి. పిదప ప్రతిపక్షమువారా మాటనే తిప్పి ‘జాబు ఏది బాబూ?’ యని వారిపై విసరిరి. 2024లో మరియొక పక్షమువారు ‘వై నాట్ 175’ అనిరి. ఫలితములలో పదునొకండు స్థానములు వచ్చుటతో ఆ అంకెయే పరిహాసమైనది. నినాదము వేసినవాడే దాని యజమాని యనుకొనుట భ్రమ. గోడమీద వ్రాసినంతసేపే అది నీది, సున్నము ఎండునప్పటికి ఊరిది.

సోదరులారా! మనదేశమున ఒక మాట బహ్వర్థములు తాల్చి ప్రభుత్వమునే గడగడ లాడించిన ఘట్టము మరువదగినది కాదు. 1907లో బిపినచంద్రపాలుడు మన జిల్లాలలో సంచరించినప్పుడు ‘వందేమాతరము’ అను మాట ఈ ఫోనులేవియు లేకుండనే ఊరూరికి ప్రాకినది. విద్యార్థికది తల్లికి నమస్కారము. వీథిలో ఇరువురు కలిసికొన్నప్పుడు పలుకరింపు. రాజమహేంద్రవరము ట్రెయినింగు కళాశాలాధ్యక్షుడైన మార్కు హంటరు దొరకు అవిధేయత. ఆ మాటను పతకముగ ధరించిన విద్యార్థులు కళాశాలనుండి వెడలింపబడిరి. కాకినాడలో ఆ మాటను కేకవేసిన బాలుని కెంపు అను దొర కొట్టుటయు, జనము దొరల క్లబ్బుపై బడుటయు అదే సంవత్సరము జరిగినవి. ఒకరికి వందనము, ఒకరికి ధిక్కారము, ఒకరికి అవమానము. ఐనను ఒక భేదమున్నది. ఆ మాట పలికినవాడు ఎందుకు పలుకుచున్నాడో తానెరుగును. అడిగినచో చెప్పును. దానికి వెల యేమో తెలిసియే పలికెను. ఆ వెడలింపబడినవారిలో నొకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మరుసటి యేడు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహనేరముపై కారాగారశిక్ష ననుభవించిరి. అదే 1908లో బొంబాయి న్యాయస్థానమున తిలకుమహాశయుడు తన మరాఠీమాటలను ఇంగ్లీషులోనికి వక్రముగ తెచ్చిరని పదపదమునకు వాదించెను. మరాఠీ యెరుగని జూరరులే యెక్కువగానున్న ఆ సభలో ఆయన వాదము చెల్లలేదు. ఆరు సంవత్సరముల ప్రవాసశిక్ష పడినది. మాటకు అర్థమెవరు నిర్ణయింపవలెనను ప్రశ్న మనకు పండితగోష్ఠి కాదు. అది చెరసాల తలుపుకడ పుట్టిన ప్రశ్న.

ఆ ప్రశ్నయే మరల మన గడపకు వచ్చినది. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ రెండవభాగమున ‘రప్పా రప్పా’ అను మాట యున్నది. జాతర పేరు చెప్పి పాత్ర పలుకు బెదిరింపులోని తునక యది. తెలుగు వ్యాకరణమున ఇట్టివానిని అనుకరణశబ్దములందురు. వానికి స్వంత అర్థము లేదు, ధ్వనియే అర్థము. కొడవలి వరిదుబ్బును కోయుటయు ‘రప్పా రప్పా’యే, కత్తి మెడను కోయుటయు ‘రప్పా రప్పా’యే. చిత్రము వచ్చిన కొలదిదినములలోనే అది పిల్లల ఆటలలోనికి, రీలులలోనికి, వంటల వర్ణనలలోనికి ప్రాకినది.

2025 జూన్ 18న మాజీ ముఖ్యమంత్రి వై.యస్. జగన్మోహనరెడ్డిగారు పల్నాడుజిల్లా సత్తెనపల్లి మండలము రెంటపాళ్లకు పోయినప్పుడు కొందరు యువకులు 2029లో తమ పక్షము వచ్చినచో రప్పా రప్పా నరుకుదుమను పలకలు పట్టుకొనిరి. పోలీసులు కేసుపెట్టిరి. అరెస్టు జరిగినది. చలనచిత్రములోని సంభాషణను పలుకుట సైతము తప్పా యని పక్షనాయకుడు ప్రశ్నించిరి. చిత్రములలోని మాటలు ప్రదర్శనశాలకే తగునని ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌గారు ప్రత్యుత్తరమిచ్చిరి. ఇరుపక్షములవారును చలనచిత్రముల నడుమ రాజకీయము చేయువారే గనుక ఈ వాదము వారాల తరబడి సాగినది.

మేము ఏ పక్షమువారమును కాము. కావున ఉభయులకును చేదైన మాట చెప్పుదుము. ఆ పలకపైనున్న మాట వినోదమని వాదించువారు దానిని ఏ దేశమున, ఏ కాలమున పట్టిరో చూడవలెను. పల్నాటిలో కక్షలకు ఇండ్లు విడిచిపోయిన కుటుంబములున్నవి. ఎన్నికల వైరము ఆరని ఊరిలో, ఎదుటిపక్షమువారు గోడచాటునుండి చూచుచుండగా, నరుకుదుమను మాటను పట్టుట ప్రదర్శనశాలలో ఈలవేయుట వంటిది కాదు. రేపల్లె వృద్ధునకు ‘ఉప్పెన’ ఎట్టిదో, కత్తివేటుకు తండ్రిని పోగొట్టుకొన్నవానికి ‘రప్పా రప్పా’ అట్టిది. అటులనే ప్రతి పిల్లవాని రీలులోను ఆ మాట వినిపించినంతనే నేరమని పరుగెత్తువారును శాస్త్రము నెరుగనివారే. వంటయింటిలో ఉల్లిపాయలు తరుగుచు ఆ మాట ననువానికిని, రచ్చబండకడ పలకపట్టినవానికిని భేదము చూడని అధికారి కత్తికిని కొడవలికిని భేదమెరుగనివాడు.

ఐతే మా మనస్సును కలచివేసిన సంగతి వేరు. నాడు గాడిచర్లవారు తమ మాటకై చెరసాలకు పోయిరి. నేడు మన యువకుడు ఎరవుమాటకై పోవుచున్నాడు. ఆ మాట వ్రాసినవాడు వేరు, పలికినవాడు వేరు, దానివలన కోట్లు గడించినవారు వేరు, ఓట్లు కోరువారు వేరు. పలక మోసిన చేయి మాత్రము వానిది. ఠాణాకు పోవునది ఆ చేయియే. ‘ఎందుకు పట్టితివి?’ అని అడిగినచో ‘సినిమా డైలాగండీ’ అనుటకంటె వానికి చెప్పుటకేమియు లేదు. వానికి నిజముగ నొక బాధ యుండవచ్చును. ఉద్యోగము లేకపోవచ్చును, ఊరిలో అవమానము జరిగియుండవచ్చును, తన పక్షమువానికి అన్యాయము జరిగినదని తలచియుండవచ్చును. ఆ బాధను తన మాటలో చెప్పియుండినచో దానికి సమాధానము చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వముపై పడెడిది. ఎరవుమాటలో చెప్పుటచే బాధ మరుగునపడి బెదిరింపు మాత్రము మిగిలినది. ఎరవుసొమ్ము బరువుచేటన్న సామెత నగలకొరకే పుట్టలేదు.

ఇక చట్టము సంగతి. సమాచార సాంకేతిక చట్టమునందలి 66ఎ విభాగము విసుగు కలిగించు మాట, అసౌకర్యము కలిగించు మాట పంపుటను నేరముగ నెంచెను. విసుగు ఎవరికి? ఎంత? చట్టమే బహ్వర్థముల మాటలతో నిండియుండెను. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీముకోర్టువారా విభాగమును కొట్టివేసిరి. ప్రజలమాటలు అస్పష్టముగ నుండుట లోకసహజము. వారిని శిక్షించు చట్టము అస్పష్టముగ నుండుట అన్యాయము. అధికారి యొక మాటను నేరమనుటకు ముందు మమ్మటుడు చెప్పిన ఆరు సంగతులను విచారించినచాలును. ఎవరన్నారు, ఎవరితో నన్నారు, ఏ స్వరమున, ఏ సందర్భమున, ఏ చోట, ఏ వేళ? ఈ ఆరింటికి సమాధానము వ్రాయలేని కేసు నిలువదగినది కాదు. ఆరింటికిని సమాధానము దొరికిన బెదిరింపు ‘సినిమా మాట’ అను ముసుగున తప్పించుకొనదగినదియు కాదు.

ఇచ్చట కొందరు మిత్రులు మాకొక ఆక్షేపణ చెప్పిరి. ‘అనేకార్థములు భాషకు సంపద గదా! పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యములో రామకథను, భారతకథను చెప్పలేదా? శ్లేషను మెచ్చిన జాతికి మీమును చూచి భయమేల?’ యని. మంచి ఆక్షేపణము. సూరన రెండర్థములను రెండుచేతులతో పట్టుకొనియే పద్యము చెప్పెను. ఏ పదము ఎటు విరుగునో ఆయన యెరుగును. శ్రోతయు ఎరుగును. ఆ ఎరుకయే ఆనందము. మీములు చేయు మన పిల్లలలో అట్టి చమత్కారులు లేకపోలేదు. ఒక పాతచిత్రపు ముఖమునకు నేటి ధరల బాధను తగిలించి పదిమందిని నవ్వించువాడు చాటుకవుల మనుమడే. వారిని మేము మెచ్చుకొందుము. మేము భయపడునది అర్థములు పెక్కగుటకు గాదు, పలికినవాడే తన యర్థమెయ్యదో యెరుగకుండుటకు. రెండర్థములు తెలిసి పలుకుట శ్లేష, ఒక్కటియు తెలియక పలుకుట ప్రమాదము.

కావున మూడు విన్నపములు చేసి ముగింతుము.

మొదటిది పఠనాలయములకు. మీ బల్లపై నొక తెల్లకాగితముల పుస్తకము నుంచుడు. ఆ వారము ఊరిలో మ్రోగిన మాటను పైన వ్రాయుడు. అది ఎచ్చట పుట్టినదో తెలిసినవారు వ్రాయుడు. తాము విన్న అర్థమును ఒక్కొక్కరు ఒక్కొక్క పంక్తిలో వ్రాయుడు. రైతు వ్రాసినదియు, విద్యార్థి వ్రాసినదియు, ఇల్లాలు వ్రాసినదియు ప్రక్కప్రక్క నుండవలెను. ఏడాది గడచునప్పటికి ఏ విశ్వవిద్యాలయమునను లేని నిఘంటువు మీ బల్లపై నుండును. అంతకంటె ముఖ్యముగ, తన నవ్వు పొరుగువానికి గాయమన్న సంగతి ఆ పుటలో చూచి తెలిసికొనినవాడు మరునాడు పంపుటకు ముందు ఒక్కక్షణమాగును.

రెండవది యువకులకు. మాట నచ్చినచో వాడుకొనుడు, నవ్వుకొనుడు. కాని వీథిలో పలకపైనెక్కించునప్పుడు, ఇతరుని పేరు చెప్పి పంపునప్పుడు దానిక్రింద మీ స్వంతవాక్యమొకటి వ్రాయుడు. వ్రాయుటకు వాక్యము దొరకనిచో ఆ పలక మీది కాదు. మరియొకనిది. వాని బరువు మీరేల మోయవలెను?

మూడవది పెద్దలకు. పిల్లల నోట క్రొత్తమాట వినిపించినంతనే ‘భాష చెడినది’ అని తలబాదుకొనకుడు. ‘దాని అర్థమేమి నాయనా?’ యని అడుగుడు. ఆ యొక్క ప్రశ్న వానిచేత ఆ మాటకు అర్థము నాలోచింపజేయును. మీకును ఒక క్రొత్తమాట తెలియును.

మాకును ఒక కర్తవ్యము మిగిలినది. రేపల్లెనుండి తిరిగివచ్చిన పిమ్మట మేము ఈ ప్రసంగపాఠమును దిద్దుకొంటిమి. ‘క్రొత్తమాటలు ఉప్పెనవలె వచ్చిపడినవి’ అనియున్న మొదటి వాక్యమును కొట్టివేసి, దాని స్థానమున ఆ వృద్ధుని మాటలను వ్రాసికొంటిమి. ఆయన పేరడుగుట మరచితిమి. ఇది చదివినచో మా క్షమాపణము నందుకొందురు గాక.